మా చెట్టుకు ధర కట్టేదెవరు?

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖను కుళ్లబొడిచింది. ముఖ్యమంత్రి చంద్రబాబు ఇక్కడే మకాం వేశారు. రెండ్రోజులకు ప్రధాని మోదీ వచ్చి వెయ్యి కోట్ల తక్షణ సాయం ప్రకటించారు. పోర్టు లేచింది, విమానాశ్రయం లేచింది, బీచ్‌రోడ్డు మళ్లీ మెరిసింది. సంతోషమే, నగరమూ మాదే. కానీ టీవీ కెమెరాలు ఊరు దాటి ఎంత దూరం వెళ్లాయి? చోడవరం చెరకు నేలకొరిగింది. పాడేరు, అరకు కాఫీతోటల్లో నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లు కూలిపోయాయి. ఆ నీడ మళ్లీ పెరగడానికి ఏళ్లు పడుతుంది. సాయం లెక్కల్లో ఆ ఏళ్లకు గడి లేదు!

అసలు ఈ సాయం ఏపాటిది? హుద్‌హుద్ నాటికి సగం పంట పోతేనే కేంద్రం లెక్కలోకి వచ్చేది. 2015లో దాన్ని 33 శాతానికి దించారు. 2022లో ఖరారు చేసిన రేట్ల ప్రకారం వర్షాధార పంటకు హెక్టారుకు 8,500, నీటి వసతి ఉంటే 17,000, తోటలకు 22,500. అదీ రెండు హెక్టార్ల వరకే. మెట్టరైతుకు ఎకరాకు 3,400 చిల్లర! దుక్కికా, విత్తనానికా? దీని అసలు పేరు పెట్టుబడి రాయితీ. పరిహారమని వాళ్లు ఎక్కడా రాయలేదు. మన నాయకులే మైకుల్లో అలా అంటున్నారు.

ఆ చిల్లరైనా ఎవరికి? పాసుపుస్తకం ఉన్నవాడికి. కౌలుదారుకు 2011లో ఒక చట్టం చేశారు, 2019లో ఇంకొకటి చేశారు. రెండో చట్టం ప్రకారం సాగుదారు పత్రం కావాలంటే ఆసామి సంతకం పెట్టాలి. అదీ 11 నెలలకే. సంతకం పెడితే భూమి చేజారుతుందని ఆసామి భయం. ఇంకేముంది, గట్టు మీద గుండెలు బాదుకునేది ఒకడు, నగరంలో ఫ్లాటులో కూర్చుని బ్యాంకు మెసేజ్ చూసుకునేది ఇంకొకడు.

"నిబంధనలు ఢిల్లీవి కదా, వేరే రాష్ట్రం వస్తే ఏటి మారుతుంది?" అని ఉద్యోగ మిత్రులు అడుగుతున్నారు. 2018 అక్టోబర్ 11న తిత్లీ వచ్చింది. ఉద్దానం కొబ్బరిని ఊడ్చేసింది. అప్పటి కేంద్రం రేటు తోటలకు హెక్టారుకు 18,000. అంటే చెట్టుకు వంద రూపాయలు! రాష్ట్రం చెట్టుకు 1,500 ప్రకటించింది. 2019లో కుర్చీ మారగానే అదే చెట్టు 3,000 అయింది. ఢిల్లీ నిబంధన అడ్డొచ్చిందా? రాలేదు. రాష్ట్రం తలచుకుంటే ఇవ్వగలదు. కౌలు చట్టాలు రెండూ రాష్ట్రం చేసినవే. ఆ రాష్ట్రం శాసనసభలో 175 మందిలో మన మూడు పాత జిల్లాల వాళ్లు 34 మంది. చేతులన్నీ కలిపి ఎత్తినా గెలవని లెక్క. పైగా ఆ 34 చేతులు ఎప్పుడు కలిశాయి గనక!

ఉక్కు ఫ్యాక్టరీకి 64 ఊళ్లు భూములిచ్చాయి. 2021లో దాన్ని అమ్మకానికి పెట్టినప్పుడు ఆ ఊళ్లను అడిగినవాడు లేడు. చెట్టుకు ధర కట్టేటప్పుడు మాత్రం మనల్ని ఎందుకు అడుగుతారు? మన అసెంబ్లీ మన గడ్డ మీద ఉంటే, కౌలుదారుకు సంతకం అక్కర్లేని చట్టం మొదటి సమావేశాల్లోనే పెట్టించుకుంటాం.

అంతదాకా చేతులు కట్టుకుని కూర్చోం. విద్యార్థి మిత్రులారా, తుఫాను వెలిసిన మర్నాడే నోటుపుస్తకం పట్టుకుని ఊళ్లకు పోదాం. పొలం దున్నినవాడి పేరు రాద్దాం. ఆ జాబితాను సచివాలయం గోడ మీది జాబితా పక్కనే అంటిద్దాం. సర్వేకు వెళ్లే ఉద్యోగులు మా పేర్లకు జవాబు చెప్పాలి.