పేరు రాసుకోవాల్సింది ఎవరు?

"ఇలాంటి పిల్లలున్న తల్లులు ముందుకు రారండీ, ఇంట్లోనే దాచిపెట్టుకుంటారు." ఈ మాట ఆఫీసుల్లో వాళ్లూ అంటారు, పెళ్లిళ్లలో మన పక్కన కూర్చున్న పెద్దమ్మలూ అంటారు. పాతబస్తీ అనగానే "అక్కడివాళ్లు అసలు చెప్పరు" అని ఇంకో ముక్క కలుపుతారు. వింటే నాకు ఒళ్లు మండుతుంది.

అడిగితే కదా చెప్పడానికి! పల్స్ పోలియో రోజుల్లో ఆ అమ్మాయిలు డబ్బా భుజాన వేసుకుని లాల్‌దర్వాజా, గౌలిపురా, ఉప్పుగూడ గల్లీలన్నీ తిరుగుతారు. మూడో అంతస్తుకైనా ఎక్కి "ఐదేళ్లలోపు పిల్లలెందరమ్మా?" అంటారు. చుక్కలు వేసి, వేలికి సిరా పూసి, గుమ్మం పక్కన సుద్దముక్కతో గుర్తు పెట్టి పోతారు. తెలుగువాళ్లిల్లా, ఉర్దూవాళ్లిల్లా అని చూడరు. 2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే అని ఒక్క రోజులో రాష్ట్రమంతా ఇంటింటికీ వచ్చారు. సొంతూళ్లకి పరుగెత్తి మరీ పేర్లు రాయించుకున్నాం, గుర్తుందా? ఇంటి పన్ను కాగితం సంగతి సరేసరి. మన తలుపు తెలియక కాదు.

చట్టం కూడా ఈ పని తల్లికి అప్పగించలేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19న అమల్లోకి వచ్చింది. దాని 17వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వం, స్థానిక సంస్థలు ఐదేళ్లకోసారి బడికి వెళ్లే పిల్లల సర్వే చేయాలి. వైకల్యం ఉన్న పిల్లలెవరో, వాళ్లకేం కావాలో, అందులో ఎంత అందుతోందో తెలుసుకోవాలి. మొదటి సర్వే రెండేళ్లలోపే, అంటే 2019 ఏప్రిల్‌కల్లా అయిపోవాలి. మీ పిల్లల బడిలోగాని, మీ వీధిలోగాని అలా ఎవరైనా అడిగారా? అందులోనూ మెలిక చూడండి, "బడికి వెళ్లే పిల్లలు" అట! మంచం దిగలేక బడి మొహమే చూడని పిల్ల ఏ లెక్కలోకి వస్తుంది?

సదరం సర్టిఫికెట్ ఉంది కదా, యూడీఐడీ కార్డు ఉంది కదా అంటారు. ఉన్నాయి. కానీ అవి తల్లి వెళ్లి తెచ్చుకునే కాగితాలు. మా పక్కింటి ఆపా కొడుక్కి సెరిబ్రల్ పాల్సీ, తొమ్మిదేళ్లు. వాళ్ల సందులోకి ఆటో రాదు. పిల్లాణ్ణి ఎత్తుకుని మెయిన్ రోడ్డు దాకా నడవాలి. మీ సేవలో స్లాట్ దొరకడానికే నాలుగుసార్లు తిరిగింది, దవాఖానలో క్యూలో సగం రోజు నిలబడింది. "పర్సంటేజీ ఎంత వేస్తారో అని గుండె దడ అక్కా" అంటుంది, ఇంటర్ రిజల్ట్ చూసుకునే పిల్లలా. 2018 నాటి కేంద్ర మార్గదర్శకాల్లో బుద్ధిమాంద్యం సర్టిఫికెట్‌ని ఐదేళ్లకి, పదేళ్లకి, పద్దెనిమిదేళ్లకి మళ్లీ చేయించుకోవాలని రాశారు. పిల్లలు ఎదుగుతారు, పరీక్ష మళ్లీ చేయాలి, ఒప్పుకుంటాను. మరి ఆ తేదీ కంప్యూటర్‌లో ఉన్నవాళ్లే కబురు పెట్టవచ్చు కదా? గ్యాస్ బండ బుక్ చేస్తే మెసేజ్ వస్తోంది!

పింఛను 2023 జూలై నుంచి 4,016 రూపాయలు చేశారు. చిన్న మాట అనను, డైపర్లకీ ఆటోలకీ అదే దిక్కు. కానీ ఆ జాబితాలో పర్సంటేజీ ఉంటుంది, బ్యాంకు ఖాతా ఉంటుంది. తల్లికి జ్వరమొస్తే పిల్లాణ్ణి ఎవరు ఎత్తుతారు? వాళ్లుండేది ఎన్నో అంతస్తు? ఫిజియోథెరపీ ఎప్పుడు ఆగిపోయింది, ఎందుకు ఆగింది? అవి రాసే గడి ఏ పుస్తకంలోనూ లేదు. ఎక్కువ ఆసరా కావాల్సినవాళ్లని చూసుకునే మనిషికి భత్యం ఇవ్వాలన్న మాట అదే చట్టం 24వ సెక్షన్‌లో ఉంది. "ఆర్థిక స్తోమతను బట్టి" అనే తోక తగిలించారనుకోండి.

ఇంగ్లండులో 1989 నాటి పిల్లల చట్టం ప్రకారం ప్రతి స్థానిక కౌన్సిలూ తన పరిధిలోని వికలాంగ పిల్లల రిజిస్టరు తెరిచి నడపాలి. అది కౌన్సిల్ బాధ్యత. పేరు ఇవ్వాలా వద్దా అన్నది తల్లిదండ్రుల ఇష్టం. నాకు ఈ రెండో మాట మరీ నచ్చింది. ఎందుకంటే మన దగ్గర భయం ఉత్తది కాదు. తమ్ముడికి ఇలా ఉందని తెలిస్తే అక్క సంబంధం తప్పిపోయే లోకం ఇది. ఆ పుస్తకం ఓట్ల జాబితాలా గోడకి అంటించేది కాకూడదు, ఏ లీడరు చేతికీ వెళ్లకూడదు. అలాగని భయం పేరు చెప్పి పుస్తకమే తెరవకపోతే ఎలా?

సమాచార హక్కు దరఖాస్తుకి పది రూపాయలు. తెలుగులో రాయొచ్చు, ఉర్దూ కూడా మనకి రెండో అధికార భాషే. "17వ సెక్షన్ సర్వే మా వార్డులో ఏ తేదీన చేశారు, ఎంతమంది పిల్లలు తేలారు, వాళ్లకి ఏం ఇచ్చారు?" ఈ మూడే అడగాలని ఆపా, నేను, పైవాటా వదిన కలిసి రాస్తున్నాం. కాగితం మీద ముగ్గురం సంతకం పెడతాం.