సలహా చెప్పి పంపిన చాలదు

కలకత్తాలోని ఏక్‌బాల్‌పూర్ నుండి అలీపూర్ జిల్లా కోర్టుకు నడచి పోవచ్చును. ఒక ప్రక్క ఖిదిర్‌పూర్ రేవు. ఆవల గార్డెన్ రీచ్‌లో ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయము. 2003లో తూర్పు కోస్తా రైల్వే ఏర్పడువరకు వాల్తేరు డివిజను ఆగ్నేయ రైల్వేలోనిదే కనుక మన తెలుగు ఉద్యోగులెందరికో ఈ ప్రాంతము పరిచితము. ఇక్కడి పేదలకు కోర్టు దగ్గరే గాని వకీలు ఫీజు దూరము. ఇట్టి పేటలలో న్యాయశాస్త్ర విద్యార్థులు ఉచిత సలహా కేంద్రములు నడుపుటకు పెద్ద న్యాయవాద సంస్థలు తోడ్పడవలెనని మేము కోరుచున్నాము. అయితే ఆ తోడ్పాటు ఎట్టిదో ముందుగా తేల్చుకొనవలెను.

ఇది దయాధర్మముల విషయము కాదు. 1976లో 42వ సవరణ ద్వారా ఉచిత న్యాయసహాయము రాజ్యాంగపు 39-ఎ అధికరణములో చేరినది. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టము 1995 నవంబరు 9న అమలులోనికి వచ్చినది. దాని 12వ సెక్షను స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులముల, తెగల వారికి, పారిశ్రామిక కార్మికులకు ఆదాయముతో నిమిత్తము లేకుండ ఈ హక్కు నిచ్చినది. న్యాయకళాశాలలలో సలహా కేంద్రములను ప్రోత్సహింపవలెనని 4వ సెక్షను చెప్పుచున్నది.

కలకత్తాలో విద్యార్థులకు కొదవ లేదు. హాజ్రాలో విశ్వవిద్యాలయ న్యాయశాఖ, సాల్ట్ లేక్‌లో 1999లో నెలకొన్న జాతీయ న్యాయ విశ్వవిద్యాలయము ఉన్నవి. 1911లో స్థాపితమైన ఖైతాన్ వంటి పాత న్యాయవాద సంస్థలకును ఈ నగరమే పుట్టినిల్లు. అమెరికాలో హార్వర్డు విద్యార్థులు 1913 నుండి ఇట్టి కేంద్రమును నడుపుచున్నారు.

కాని విద్యార్థి ఒంటరిగా చేయగలిగినది కొంతయే. అర్జీ వ్రాయగలడు, కాగితము చదివి చెప్పగలడు. 1961 నాటి అడ్వకేట్ల చట్టము ప్రకారము కోర్టులో వకాల్తా పుచ్చుకొనజాలడు. పరీక్షలు రాగానే కేంద్రము మూతపడును. గడువు మాత్రము ఆగదు. రైలు ప్రమాదములో మరణించిన ప్రయాణికుని కుటుంబము ఒక సంవత్సరములోగా క్లెయిమ్స్ ట్రిబ్యునలుకు దరఖాస్తు చేయవలెను. ఉద్యోగి తుది ఉత్తరువుపై అడ్మినిస్ట్రేటివ్ ట్రిబ్యునలుకు పోవుటకును గడువు సంవత్సరమే. ఆలస్యమునకు తగిన కారణము చూపవచ్చును గాని, అది మరియొక పోరాటము. గడువు తీరిన కాగితమును చీరకొంగున ముడివేసికొని యూనియను ఆఫీసు మెట్లెక్కిన వితంతువులను మేము చూచితిమి. మా అనుభవములో ఓడిన కేసులకన్న అసలు వేయబడని కేసులే ఎక్కువ.

చివరిదాకా నిలిచినచో ఫలమెట్టిదో తపాలా సోదరులకు తెలియును. 1977లో రాజమ్మ కేసులో సుప్రీంకోర్టు ఎక్‌స్ట్రా డిపార్టుమెంటల్ ఏజెంట్లు సివిల్ పోస్టులలో నున్నవారేనని తీర్పు చెప్పినది. విచారణ లేకుండ తొలగించుట చెల్లదన్నది. తొలి సలహాతోనే కాగితము మడిచి పెట్టియుండినచో ఆ తీర్పు ఉండెడిది కాదు.

కనుక న్యాయవాద సంస్థలను మేము అడుగునవి మూడు. ప్రతి ఫైలుకు బాధ్యుడైన న్యాయవాది ఒకరుండవలెను. సెలవులలోను ఆ ఫైలు నడవవలెను. ఎదుటి పక్షమువారు తమ కక్షిదారులైనచో ఆ మాట మొదటిరోజుననే చెప్పి, పేదవానిని వేరొక న్యాయవాదికి అప్పగింపవలెను. యజమాని వకాల్తా, కూలివాని ఫైలు ఒకే బీరువాలో ఉండరాదు. ఒకనాటి శిబిరమునకు బ్యానరు కట్టి ఫొటో దిగుట గాక, కొన్ని సంవత్సరములకు సరిపడు ఖర్చు ముందే కేటాయింపవలెను.

ప్రభుత్వ బాధ్యత దీనితో తీరినదని ఎవరైనను అన్నచో మేము ఒప్పుకొనము. అటులనే మన బాధ్యతయు కలదు. సాయంత్రము ఖాళీగా నుండు యూనియను గది ఈ విద్యార్థులకు తెరచి యిత్తము. ఉర్దూ, బెంగాలీ, హిందీ, తెలుగు తెలిసిన పదవీవిరమణ చేసిన మన సోదరులు వారి ప్రక్కన కూర్చుందురుగాక. సర్వీసు రూలు మనకు తెలిసినంతగా వారికి తెలియదు. చట్టము వారికి తెలిసినంతగా మనకు తెలియదు. ఆ రెండును ఒక బల్లవద్ద కూడిననాడు గడువు తీరకముందే కాగితము కోర్టు చేరును.