చెవి అచ్చుతో హాయి ఖాయమన్నది తప్పుడు మాట

“మీ చెవి అచ్చు తీసి చేసినవి కదా, ఇక నొప్పి ఎక్కడిది?” కస్టమ్ ఇన్-ఇయర్ మానిటర్ల గురించి, అంటే ఎవరి చెవి అచ్చుకు తగ్గట్టు వాళ్లకు చేసే ఇయర్‌ఫోన్ల గురించి, అమ్మేవాళ్లూ, కొన్నవాళ్లూ ఈ మాటే చెబుతున్నారు. ఇయర్‌ఫోన్లు పెట్టుకున్న అరగంటకే చెవులు సలుపుతున్నాయని ఎవరు వాపోయినా ఇదే సలహా. అది నమ్మి పదుల వేల రూపాయలు పెట్టడానికి సిద్ధపడేవాళ్లలో ఇంకా సంపాదన మొదలుపెట్టని కుర్రాళ్లూ ఉన్నారు. అందుకే గట్టిగా చెప్పాల్సి వస్తోంది. హాయి ఒక్కటే కారణమైతే, మామూలుగా పాటలు వినేవాళ్లకు కస్టమ్ అక్కర్లేదు.

చెవికి ఒకటే ఆకారం ఉంటుందన్న నమ్మకం మీద ఈ సలహా నిలబడింది. అలా ఉండదు. చెవి నాళం కర్ణభేరి దాకా సుమారు రెండున్నర సెంటీమీటర్ల పొడవుంటుంది. బయటి మూడో వంతు చుట్టూ మెత్తని మృదులాస్థి, లోపలి భాగం చుట్టూ ఎముక. దవడ కీలు ఆ నాళానికి ముందు ఆనుకునే ఉంటుంది. చిటికెన వేలి కొస చెవి మొదట్లో ఆనించి నోరు తెరిచి మూయండి, ముందు గోడ కదలడం వేలికే తెలుస్తుంది. నోరు తెరిస్తే చాలామందికి నాళం కాస్త వెడల్పవుతుంది, మూస్తే ఇరుకవుతుంది. నమిలినా, ఆవులించినా, పాడినా ఇదే జరుగుతుంది.

ఇప్పుడు అచ్చు తీసే పద్ధతి చూడండి. ఆడియాలజిస్టు ముందుగా దారం కట్టిన చిన్న స్పాంజి ముక్కను నాళం లోపలికి పెడతారు, పోసే పదార్థం కర్ణభేరి దాకా పోకుండా. తరవాత సిలికోన్ నింపి, అది గట్టిపడేదాకా కొన్ని నిమిషాలు కదలకుండా కూర్చోబెడతారు. ఆ కొన్ని నిమిషాలూ నోరు ఎలా ఉందన్నది చాలా ముఖ్యం. పాడేవాళ్లకు పళ్ల మధ్య చిన్న దిమ్మె పెట్టి, నోరు తెరిపించి తీస్తారు. లేకపోతే పాడుతున్నప్పుడు సందు ఏర్పడి బేస్ పడిపోతుంది. అలా తీసిన అచ్చుతో చేసినవి నోరు మూసుకుని కూర్చుని వినేవాళ్ల చెవిని ఒత్తవచ్చు. నోరు మూసి తీసినవి మాట్లాడినప్పుడు వదులు కావచ్చు. రెండూ మీ చెవి కొలతలే! పైగా ఎక్కువగా వాడే అక్రిలిక్ గుల్ల గట్టిది, వెంట్రుకవాసి కూడా సర్దుకోదు. మామూలు ఇయర్‌ఫోన్ల మెత్తని సిలికోన్ టిప్ దవడతో పాటు నలుగుతుంది, మళ్లీ తేరుకుంటుంది.

తయారీదారులకు ఈ సంగతి బాగా తెలుసు. చెవికి సరిపడకపోతే సరిచేసి ఇస్తామని కొంత గడువు పెడతారు. అది మంచి పద్ధతి, తప్పు పట్టను. అయితే అచ్చు తీసినంత మాత్రాన హాయి ఖాయమైతే ఆ గడువు అవసరమే ఉండేది కాదు. ఇంకో చిక్కుంది. మామూలువి కొన్ని దుకాణాల్లో చెవిలో పెట్టి చూసుకోవచ్చు, నచ్చకపోతే ఇంకొకరికి అమ్ముకోవచ్చు. కస్టమ్‌వి డబ్బు కట్టి, వారాల తరబడి ఎదురుచూశాక గానీ చెవిలో ఎలా కూర్చుంటాయో తెలియదు. ఇంకెవరి చెవికీ సరిపోవు కాబట్టి అమ్ముకోవాలన్నా కష్టమే.

“వేదికల మీద గాయకులందరూ వాడుతున్నారుగా” అంటారు. వాళ్లు ఎందుకు వాడుతున్నారో చూడాలి. 1995 ప్రాంతంలో అమెరికాలో వాన్ హాలెన్ రాక్ బృందానికి మానిటర్ ఇంజినీరుగా ఉన్న జెర్రీ హార్వే, ఆ బృందం డ్రమ్మర్ అలెక్స్ వాన్ హాలెన్ కోసం వీటి పనికి పూనుకున్నాడు. అల్టిమేట్ ఇయర్స్ కంపెనీ అలాగే పుట్టింది. అక్కడి ఇబ్బంది వేదిక మీది హోరు. డ్రమ్ముల మోతలో డ్రమ్మరుకు తన మానిటర్ స్పీకర్లు వినిపించాలంటే వాటి మోత పెంచుకుంటూ పోవాలి, వినికిడి పాడవుతుంది. బయటి శబ్దం ఆగాలి, చెమట పట్టినా, తల ఊపినా ఊడకూడదు. అచ్చు తీసి చేయడం ఆ పనికి సరైన జవాబు. దాన్ని రాత్రి పది గంటలకు మంచం మీద పాటలు వినేవాడి నొప్పికి మందుగా చూపించడమే నాకు అభ్యంతరం. నిజానికి పక్కకు తిరిగి పడుకుంటే, చెవి గిన్నెంతా నింపే ఆ గట్టి గుల్ల దిండుకూ తలకూ మధ్య చెవిని నలిపేస్తుంది.

“వినికిడి యంత్రాలవాళ్లు అచ్చులు రోజంతా పెట్టుకుంటారు కదా?” ఈ ప్రశ్న బలమైనదే. అయితే ఆ రంగమే ఈ వాదనకు ఎదురు సాక్ష్యం చెబుతోంది. చెవి పూర్తిగా మూసుకుపోతే సొంత గొంతు డొల్లగా మోగుతుంది, నమిలిన చప్పుడూ అడుగుల చప్పుడూ తలలో దద్దరిల్లుతాయి. అందుకే ఆడియాలజిస్టులు అచ్చులో గాలి రంధ్రం పెడతారు, ఒత్తుతున్న చోట అరగదీస్తారు. వినికిడి లోపం కొద్దిగా ఉన్న చాలామందికి అచ్చే వద్దని, గాలి ఆడే మెత్తని చిన్న డోమ్‌లు ఇస్తారు. పూర్తిగా మూసెయ్యడం హాయినిచ్చేదైతే వాళ్లకు అదే ఇచ్చేవారు.

మన వాతావరణాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. మే నెలలో విజయవాడలోనో విశాఖలోనో గంటల తరబడి చెవిని బిరడాలా మూసి ఉంచితే లోపల చెమట చేరుతుంది. తేమ నిలిచిన చెవిలో ఫంగస్ పెరిగే అవకాశం ఎక్కువ. దురదో, కారడమో మొదలైతే ఏ ఇయర్‌ఫోన్లనైనా పక్కన పెట్టి డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

మరి నొప్పి ఎందుకొస్తోంది? చాలాసార్లు టిప్ పెద్దదవుతుంది, లేదా టిప్ తొడిగే గొట్టం మరీ లావుగా ఉంటుంది, లేదా గుల్ల అంచు చెవి గిన్నె మడతకు తగులుతుంది. మన రెండు చెవులూ ఒకే కొలతలో ఉండాలని లేదు. ఎడమకు చిన్న టిప్, కుడికి మధ్యస్థం పెట్టుకోవచ్చని ఎవరూ చెప్పకపోవడం వల్ల ఎంతమంది అనవసరంగా బాధపడుతున్నారో! ఫోమ్ టిప్స్ కొన్ని వందల రూపాయల్లో దొరుకుతాయి. అంచు గుచ్చుకుంటుంటే చిన్న గుల్లది కొనాలి. ఇవేవీ పని చేయకపోతే, ఉన్న ఇయర్‌ఫోన్లకే అచ్చుతో మెత్తని సిలికోన్ టిప్స్ చేయించుకోవచ్చు.

కస్టమ్ నిజంగా అవసరమైనవాళ్లు లేకపోలేదు. వేదిక మీద పాడేవాళ్లు, డ్రమ్స్ వాయించేవాళ్లు, ఏ టిప్ పెట్టినా జారిపోయే చెవులున్నవాళ్లు. వాళ్లు నిశ్చింతగా కొనొచ్చు. అచ్చు తీసేవారు ముందుగా వాళ్ల చెవిలోకి కాంతి వేసి గుబిలి ఉందో లేదో చూడాలి, వీటిని ఎప్పుడు, ఏ పనికి పెట్టుకుంటారని అడగాలి, దాన్ని బట్టి నోరు తెరిచి తీయాలో మూసి తీయాలో చెప్పాలి. అవేవీ అడగకుండా నేరుగా సిలికోన్ కలపడం మొదలుపెట్టేవారి ముందు నుంచి లేచి రండి.