కొలవని విషం

తెల్లాపూర్‌లో అపార్ట్‌మెంటు కొనే ఉద్యోగి ఔటర్ రింగు రోడ్డు ఎంత దూరమని అడుగుతాడు, మంజీర నీళ్లొస్తాయా అని అడుగుతాడు. రాత్రి పదకొండు దాటాక కిటికీ తెరవవచ్చా అని అడగడు. ఆ ప్రశ్నకు జవాబు బొల్లారం, పాశమైలారం, గడ్డపోతారం ఊర్లవాళ్లకు తెలుసు. చీకటి పడ్డాక వచ్చే ఆ ఘాటు వాసనను వాళ్లు ఏండ్ల తరబడి పీలుస్తున్నారు. పొద్దున అధికారి వచ్చి చూసేసరికి గాలి శుభ్రంగానే ఉంటుంది.

పటాన్‌చెరువు పారిశ్రామికవాడ 1970ల నడుమ మొదలైంది. మెదక్ వెనుకబడిన జిల్లా అన్నారు, రాయితీలిచ్చారు, చవగ్గా భూములు తీసుకున్నారు. అంతకుముందే, 1972లో, ఇక్రిశాట్ ఇక్కడికి వచ్చింది. నల్లరేగడి, ఎర్రచెలక పక్కపక్కనే ఉన్న ఈ నేల మీద ప్రపంచంలోని మెట్టరైతులందరి కోసం పరిశోధన మొదలైంది. అదే నేల మీద కొన్నేండ్లకే నక్కవాగు ఒడ్డు రైతులు పంట చేతికి రాక రోడ్డెక్కారు. ఫ్యాక్టరీ వస్తే వాగు ఏమవుతుందో ముందే లెక్కగట్టాలనే నిబంధన అప్పటికి లేదు. 1990లో కేసు సుప్రీంకోర్టుకు చేరింది. 2001లో హైకోర్టుకు మళ్లింది, అక్కడినుంచి గ్రీన్ ట్రిబ్యునల్‌కు వెళ్లింది. తీర్పు 2017లో వచ్చింది. ఇరవై ఏడేండ్లు! దరఖాస్తు పెట్టిననాడు పుట్టిన పిల్లవాడు తీర్పునాటికి ఉద్యోగాల వయసుకు వచ్చాడు.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవద్దనే పర్యావరణ ప్రభావ అంచనా అనే ఏర్పాటు వచ్చింది. 1994 జనవరి 27 నాటి నోటిఫికేషన్‌తో అది తప్పనిసరి అయింది. 1997లో ప్రజాభిప్రాయ సేకరణ దానికి తోడైంది. 2006 సెప్టెంబర్ 14న పాతదాన్ని తీసేసి కొత్త నోటిఫికేషన్ ఇచ్చారు. కాగితం మీద మంచి మాటే. అయితే అంచనా రాసే కన్సల్టెంటును పెట్టుకునేది కంపెనీ, జీతమిచ్చేది కంపెనీ. దొంగ చేతికే తాళాలు. మహారాష్ట్రలోని రత్నగిరి దగ్గర ఒక బాక్సైట్ గనికి రాసిన నివేదికలో రష్యా గని నివేదికలోని భాగాలు బయటపడ్డాయి. రష్యా చెట్లు కొంకణంలో మొలిచాయన్నమాట.

నివేదిక కోసం గాలిని, నీటిని ఎప్పుడు కొలుస్తారో తెలుసా? వానకాలం వదిలేసి ఒక్క సీజన్ లెక్కలు తీసుకుంటే చాలంటారు. మన పట్టీలో ఏ ఊరి రైతునడిగినా చెప్పే మాట ఒకటే, పెద్ద వాన పడ్డ రాత్రే వాగు రంగు మారుతుందని. వాగు ఎప్పుడు చస్తుందో ఆ నెలలనే లెక్కలోంచి తీసేస్తే ఇక అంచనా దేనికి?

ఇక ఏం కొలుస్తారనేది అంతకన్నా పెద్ద ప్రశ్న. పటాన్‌చెరువు ఉమ్మడి శుద్ధి కేంద్రం 1994లో మొదలైంది. దాదాపు 90 మందుల ఫ్యాక్టరీల వ్యర్థజలాలు దానికి వచ్చేవి. సీవోడీ, బీవోడీ, లవణాలు కొలిచి రిజిస్టర్లలో రాస్తూ పోయారు. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు తమ పరిశోధన ఫలితాలు ప్రచురించారు. ఆ కేంద్రం శుద్ధి చేసి వదిలిన నీళ్లలోనే లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని తేల్చారు. జ్వరమొస్తే డాక్టర్ రాసే మాత్రలోని మందు అదే. కొన్ని రకాల బాక్టీరియాను చంపడానికి సరిపోయే మోతాదుకు అది వెయ్యి రెట్ల పైమాటే. రోజుకు సుమారు 45 కిలోలు వాగులోకి పోతున్నట్టు, అంటే 90 లక్షల జనాభా ఉన్న స్వీడన్ దేశం ఐదు రోజులు వాడేంత మందు! మందుకు లొంగని రోగక్రిములు పుట్టడానికి ఇంతకన్నా మంచి నారుమడి ఎక్కడుంటుంది? మన రిజిస్టర్లలో మాత్రం ఆ మందుకు గడే లేదు. అడగని ప్రశ్నకు తప్పు జవాబు రాదు కదా.

నారు పోసిన నీళ్లను తర్వాత ఎటు పంపారో కూడా చూడండి. ఇసకవాగు, నక్కవాగు మీదుగా మంజీరలోకి పోవద్దని 18 కిలోమీటర్ల పైపులైను వేశారు. ఆ నీళ్లు నగరపు మురుగుకాలువలో కలిసి అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి, అక్కడినుంచి మూసీకి పోయే ఏర్పాటు అది. అంబర్‌పేట కట్టింది ఇండ్ల మురుగు కోసం, మందుల ఫ్యాక్టరీల కోసం కాదు. గోదావరి నీళ్లను కరువు నేలకు మళ్లించమని మనం ఎన్ని సభల్లో అడిగాం! మెదక్ నుంచి నల్గొండకు మళ్లించింది మాత్రం దీన్ని. దీన్ని నష్ట నివారణ అని రాసుకున్నారు.

ఇదంతా పరాయి పాలన పాపమని చేతులు దులుపుకుందామా? 2014 జూన్ 2 తర్వాత ఆ సాకు మనకు లేదు. ఆ ఏడాదే తెచ్చిన టీఎస్ ఐపాస్ చట్టం పెద్ద పరిశ్రమకు 15 రోజుల్లో అనుమతులిస్తామంది. పర్యావరణ అనుమతి దారి వేరే, అది ఒప్పుకుంటాం. కానీ సర్కారు గొప్పగా చెప్పుకునేది వేగం గురించే తప్ప వాగు గురించి కాదు. 2017లో గండిగూడెం చెరువులో చేపలు కుప్పలుగా చచ్చి తేలినప్పుడు గద్దె మీద ఉన్నది మన ప్రభుత్వమే.

ఢిల్లీ ఇంకో అడుగు ముందుకేసింది. 2020 మార్చి 27న, లాక్‌డౌన్ పెట్టిన మూడో రోజున, బల్క్ డ్రగ్ ప్రాజెక్టులకు ప్రభావ అంచనా నివేదిక, ప్రజాభిప్రాయ సేకరణ రెండూ అక్కర్లేని వర్గం ఇచ్చేసింది. ఆరు నెలలకే అన్నారు గానీ గడువు పొడిగించారు. జనం ఇంట్లో తలుపులేసుకుని ఉన్న వేళ మన పట్టీకి ప్రాణప్రదమైన రంగాన్నే విచారణ నుంచి తప్పించారు. అదే 2020 జనవరిలో వ్యర్థజలాల్లో యాంటీబయాటిక్ ఎంత ఉండొచ్చో పరిమితులు పెడుతూ ముసాయిదా తెచ్చారు. 2021 ఆగస్టులో తుది నోటిఫికేషన్ వచ్చేసరికి ఆ పరిమితులు మాయమయ్యాయి.

తెల్లాపూర్ మేడలకు వద్దాం. 20 వేల చదరపు మీటర్లు దాటిన కట్టడానికి పర్యావరణ అనుమతి కావాలి గానీ, ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదు. ఒక్కొక్క టవర్ విడివిడిగా అనుమతి తెచ్చుకుంటుంది. పది టవర్లు కలిసి ఎంత నీరు తోడతాయి, మురుగు ఏ చెరువులోకి వదులుతాయి, ఇవన్నీ ఒక్కచోట కూడే లెక్క ఎవరి బాధ్యత? ఎవరిదీ కాదు. అటు మందుల ఫ్యాక్టరీ, ఇటు మేడలు, నడుమ నోరులేని ఊరు. రేపు మేడలవాళ్లు వాసన అని ఫిర్యాదు చేస్తే ఫ్యాక్టరీని ఇంకో వెనుకబడిన జిల్లాకు పంపిస్తారు. అక్కడి రైతు కూడా మనవాడే.

ఫ్యాక్టరీలు వద్దని మేము అనడం లేదు. ఈ పట్టీలో వేలమంది కార్మికుల పొయ్యి వాటి మీదే మండుతున్నది. కన్సల్టెంటు ఫీజు కంపెనీ సర్కారు ఖాతాలో కట్టాలి, కన్సల్టెంటును సర్కారు ఎంచాలి. వానకాలం లెక్కలు లేని నివేదికను తిప్పి పంపాలి. కాలుష్య నియంత్రణ మండలి రిజిస్టరులో మందుల అవశేషాలకు ఒక గడి పెట్టాలి. ప్రజాభిప్రాయ సేకరణ షామియానా కింద సారాంశం కాగితం పంచి చేతులు దులుపుకోకుండా, మొత్తం నివేదిక తెలుగులో నెల రోజుల ముందే గ్రామ పంచాయతీకి చేరాలి. ఇవి చేయడానికి మండలిలో పనిచేసే మన ఉద్యోగులకు కొత్త జీవో అన్నిటికీ అక్కర్లేదు. కొన్నిటికి ధైర్యం చాలు.

చట్టంలో ఇప్పటికే ఉన్నదొకటి విద్యార్థులకు చెప్పాలి. పర్యావరణ అనుమతి తీసుకున్న ప్రతి ప్రాజెక్టు, తాను ఒప్పుకున్న షరతులు ఎంతవరకు పాటించిందో ఏటా జూన్ 1న, డిసెంబర్ 1న నివేదిక ఇవ్వాలి. అది బహిరంగ పత్రం, దరఖాస్తు పెట్టిన ఎవరికైనా నకలు ఇవ్వాలి. పటాన్‌చెరువు నుంచి తెల్లాపూర్ దాకా కాలేజీ పిల్లలు ఒక్కో ఫ్యాక్టరీని, ఒక్కో మేడను పంచుకుని దరఖాస్తులు రాయండి. వచ్చిన నకళ్లు, రాని జవాబులు రెండూ మాకు పంపండి. ఊరి పేరుతో సహా అచ్చు వేస్తాం.