గడప దగ్గరే తనిఖీ!

ఉద్యోగం కోసం ఆన్‌లైన్‌లో దరఖాస్తు నింపుతున్నారు. వయసు గడిలో 25 అని కొట్టారు. పుట్టినతేదీ దగ్గర పొరపాటున ఫిబ్రవరి 31 అని పడింది. ఫోన్‌ నంబరు గడి ఖాళీగా వదిలేశారు. బటన్‌ నొక్కగానే ఎర్ర అక్షరాలు ప్రత్యక్షం... తేదీ సరిగా లేదు, నంబరు తప్పనిసరి అంటూ. విసుగొస్తుంది. కానీ ఆ అక్షరాలు రాకపోతేనే అసలు ప్రమాదం. క్యాలెండర్లో లేని తేదీ నేరుగా రికార్డుల్లోకెక్కి కూర్చుంటుంది మరి!

ఆ ఎర్ర అక్షరాల వెనకుండే కాపలాదారే వ్యాలిడేషన్‌ లైబ్రరీ. ఆ కాపలాదారునే మార్చాల్సి వస్తే? రూబీ ప్రోగ్రామర్లకు 2019లో ఎదురైన పరీక్ష అదే.

జపాన్‌కు చెందిన యుకిహిరో మత్సుమోటో సృష్టించిన ప్రోగ్రామింగ్‌ భాష రూబీ. 1995లో అందరి చేతికీ వచ్చింది. రూబీ అంటే కెంపు కదా... అందుకే ఆ భాషలో ఒకరు రాసి పదిమందికీ పంచే సాఫ్ట్‌వేర్లను 'జెమ్‌'లంటారు. పోలండ్‌ ప్రోగ్రామర్‌ ప్యోత్ర్‌ సోల్నిత్సా మొదలుపెట్టిన 'డ్రై-వ్యాలిడేషన్‌' అలాంటి ఓ జెమ్‌. దాని 1.0 వెర్షన్‌ 2019లో విడుదలైంది.

అంకె చూస్తే చిన్నదే. అర్థం మాత్రం పెద్దది. వెర్షన్‌ నంబర్లో సాధారణంగా మూడు అంకెలుంటాయి. చివరిది మారితే చిన్న లోపాలు సరిదిద్దారని, మధ్యది మారితే కొత్త సదుపాయం చేర్చారని లెక్క. మొదటిది మారిందా... పాత ప్రోగ్రాం ఉన్నదున్నట్టుగా నడవకపోవచ్చని హెచ్చరిక!

ఇంతకీ ఏం మార్చారు? ప్రభుత్వ కార్యాలయంలో దరఖాస్తు ఇవ్వడం గుర్తుచేసుకోండి. కౌంటర్లో గుమాస్తా గడులన్నీ నింపారా లేదా అనే చూస్తాడు. మీకు అర్హత ఉందో లేదో తేల్చేది లోపలుండే అధికారి. పాత వెర్షన్‌లో ఈ రెండు పనులూ ఒకే బల్ల మీద, ఒకే ప్రత్యేక పద్ధతిలో సాగేవి. నిబంధనలు పెరిగేకొద్దీ చిక్కుముడి బిగుసుకునేది. 1.0తో బల్లలు వేరయ్యాయి. గడి ఉందా, అందులో ఉన్నది అంకెా అక్షరమా అన్నది చూసే పని 'డ్రై-స్కీమా' అనే విడి జెమ్‌కి వెళ్లింది. 'ఈ ఈమెయిల్‌తో ఇప్పటికే ఎవరైనా ఉన్నారా?' లాంటి అసలు నిబంధనలను మామూలు రూబీలోనే రాసుకోవచ్చు. తొలి తనిఖీలో తప్పిన గడి మీద ఆధారపడిన నిబంధన అసలు నడవదు. ఈమెయిల్‌ గడి ఖాళీగా ఉంటే ఇక వెతికేదేముంది!

బాగానే ఉంది. మరి తంటా ఎక్కడ? ఒక అప్లికేషన్‌లో ఒక జెమ్‌ ఒకేసారి రెండు వెర్షన్లలో నడవదు. వంద ఫారాలున్న సంస్థ పాతిక ఇవాళ, మిగతావి వచ్చే నెల అనుకోవడానికి వీల్లేదు. అన్నీ మార్చాకే గడప దాటాలి.

మార్చేటప్పుడూ గుంతలున్నాయి. వెబ్‌ ఫారంలో మీరు కొట్టిన 25 కంప్యూటర్‌కి అంకెగా చేరదు, రెండు అక్షరాలుగానే చేరుతుంది. దాన్ని అంకెగా మార్చాలంటే తనిఖీని 'పారమ్స్‌' పద్ధతిలో రాయాలి. 'స్కీమా' అని రాస్తే మార్పిడి జరగదు. సరైన వయసు రాసినవారినీ 'ఇది అంకె కాదు' అని వెనక్కి పంపేస్తుంది.

ఇది నయం, వెంటనే బయటపడుతుంది. రెండోది చాపకింద నీరు. జాబితాలో పేరు రాయని గడిని కొత్త లైబ్రరీ మామూలుగా ఫలితంలోకి రానివ్వదు. తిరగరాసేటప్పుడు పిన్‌కోడ్‌ ఒక్కటి మరిచిపోయారనుకోండి... ఎర్ర అక్షరాలు రావు, దరఖాస్తు చేరినట్టే ఉంటుంది, పిన్‌కోడ్‌ మాత్రం మాయం! ఉత్తరం ఇంటికి రానప్పుడుగానీ సంగతి తెలీదు.

అందుకే అనుభవమున్న ప్రోగ్రామర్లు ముందు పాత కాపలాదారుకే పరీక్ష పెడతారు. మంచి దరఖాస్తులు, తప్పుల తడకలు, ఖాళీ గడులు... అన్నీ ఇచ్చి ఏం చెబుతుందో రాసిపెట్టుకుంటారు. అవే కొత్తదానికీ ఇస్తారు. ఏ తప్పులు పట్టుకుందన్నదే కాదు, ఏం లోపలికి పంపిందన్నదీ పోల్చి చూస్తారు. తేడా ఉంటే కారణం తేలేదాకా మార్పు జోలికి వెళ్లరు.

ఈసారి ఏదైనా ఫారంలో ఎర్ర అక్షరాలు కనిపిస్తే విసుక్కోకండి. కాపలాదారు మెలకువగానే ఉన్నాడని అర్థం!