పొలంలో ఫోటో తీయడం పనిలేని పని కాదు

"పొలం పని మానేసి ఈ ఫోటోలేందిరా" అని నవ్వేవాళ్లకే ఈ మాట.

వరి పువ్వు విచ్చుకోవడం మీలో ఎంతమంది చూశారు? పొద్దున 9 నుంచి 11 లోపు, గంటో గంటన్నరో తెరుచుకుని మళ్లీ మూసుకుంటుంది. నేను ఫోన్ పట్టుకుని గట్టు మీద కూర్చున్నాకే దాన్ని తీరిగ్గా చూశా. గాలి ఆగేదాకా ఊపిరి బిగబట్టి 20 తీస్తే ఒక్కటి కుదిరింది. బస్తాకు వంద ఎక్కువొచ్చినంత సంబరం!

పెద్ద కెమెరా అక్కర్లేదన్నా. లెన్స్ కండువాతో తుడవండి. పొద్దు పొడిచిన గంటలోపు తీయండి. ఎండ పక్కనుంచి పడుతుంది కాబట్టి ఆకు మీది మంచుబొట్టు కూడా మెరుస్తుంది. కరెంటు తీగ మీద పాలపిట్ట ఉంటే ఎగిరేదాకా ఆగండి. దాని నీలమంతా రెక్క విప్పితేనే కనిపిస్తుంది.

అసలు మాట ఇది. మా నాన్న 40 ఏళ్లు దున్నాడు. ఆయనది ఇంట్లో ఉన్న ఫోటో పాస్‌బుక్ మీద అతికించింది ఒక్కటే. నాగలి పట్టింది లేదు. పట్నం కెమెరాలు మన దగ్గరికి వచ్చేది ఎక్కువగా కరువొస్తేనో, వరదొస్తేనో. పంట బాగున్న రోజు, మన ఆడవాళ్లు నాట్లేస్తూ నవ్వుకున్న రోజు మనమే తీసుకోవాలి.

రేపు ఒక్కటి తీయండి. ఇంట్లో పిల్లలకు చూపించండి.