గుంత పడ్డాక ప్యాచ్ కంటే పగులు దశలో పూతే మేలు

బంట్వారం: వానలు వెలిశాక తారు రోడ్ల గుంతలు పూడ్చడం, మరుసటి వానలకు అవే గుంతలు మళ్ళీ తేలడం పల్లెల్లో ఏటా చూసే తంతే. బంట్వారం నుంచి వికారాబాద్ ఆస్పత్రికి పోవాలన్నా, తాండూరు మార్కెట్‌కు కందులు చేర్చాలన్నా రోడ్డే ఆధారం. అది చెడితే కిరాయి పెరుగుతుంది, గర్భిణులకు ప్రయాణమే గండమవుతుంది. అయితే గుంత ఒక్క వానకు పుట్టేది కాదు. దాని పుట్టుక కొన్నేళ్ళ ముందే మొదలవుతుంది.

ఎండతో మొదలు, నీటితో ముగింపు

తారులోని నూనె గుణమే కంకరను పట్టి ఉంచుతుంది. ఎండకు, గాలికి ఆ గుణం తగ్గి తారు పెళుసు బారుతుంది. నల్లని రోడ్డు బూడిద రంగుకు తిరుగుతుంది. సన్న కంకర లేచి అంచులకు చేరుతుంది. ఆపై సన్నని పగుళ్ళు పడతాయి. వాటిగుండా దిగిన వాన నీరు అడుగు పొరను వదులు చేస్తుంది. చక్రం పడినచోట రోడ్డు కుంగి గుంత అవుతుంది. తడికి ఉబ్బి, ఎండకు బీటలు వారే నల్లరేగడిలో ఈ బాధ మరీ ఎక్కువ. పైగా పల్లె రోడ్ల మీద వేసే తారు పొర సాధారణంగా 20 మిల్లీమీటర్లే.

మూడు రకాల పూతలు

పగుళ్ళు సన్నగా ఉన్నప్పుడే నివారణ చౌక. తారు కోల్పోయిన నూనెలను తిరిగి అందించే ద్రవాన్ని చల్లడం ఒక పద్ధతి. ఇది పైన కొన్ని మిల్లీమీటర్ల మేరకే ఇంకుతుంది. చల్లిన వెంటనే రోడ్డు జారుతుంది గనుక ఇసుక చల్లి, కొంతసేపు వాహనాలను ఆపవలసి ఉంటుంది. నీటిలో కలిసేలా చేసిన తారును, అంటే ఎమల్షన్‌ను, పలుచగా చల్లడం రెండవది. ఎమల్షన్‌లో రాతిపొడి కలిపి పూయడం మూడవది. కంకర లేస్తున్న రోడ్డుకు ఇదే ఎక్కువ ఉపయోగం.

అయితే ఏ పూతా గుంతను పూడ్చదు, కుంగిన అడుగును లేపదు. అటువంటి రోడ్డుకు పూత వేయడం పునాది కుంగిన గోడకు సున్నం కొట్టడమే.

బరువు లెక్క

అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రంలో 1958-60 మధ్య జరిగిన పరీక్షల ప్రకారం, ఇరుసు మీద బరువు రెట్టింపైతే రోడ్డుకు నష్టం సుమారు 16 రెట్లవుతుంది. మన దేశంలో 2018లో కేంద్రం నాలుగు టైర్ల ఒంటి ఇరుసు బరువు పరిమితిని 10.2 టన్నుల నుంచి 11.5 టన్నులకు పెంచింది. పై సూత్రం ప్రకారం ఇంత మాత్రానికే నష్టం ఒకటిన్నర రెట్లు దాటుతుంది. నాపరాయి, సిమెంటు లారీలు తిరిగే తాండూరు ప్రాంతంలో అధిక లోడును అరికట్టకుండా పూతలకు ఖర్చు పెడితే ఫలితం నిలవదు.

బాధ్యత ఎవరిది?

2000లో ప్రారంభమైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన కింద వేసిన రోడ్లకు మొదటి అయిదేళ్ళు నిర్వహణ కాంట్రాక్టరుదే. ఆ తర్వాత భారం రాష్ట్రానిది. కాబట్టి గడువు తీరక మునుపే గ్రామస్తులు, సర్పంచ్ ఇంజనీర్లతో కలసి రోడ్డు పరిశీలించి, పగుళ్ళు పూడ్పించడం మంచిది. ఈ పథకం రోడ్లపై ఫిర్యాదును ఫోటోతో సహా ‘మేరీ సడక్’ యాప్ ద్వారా పంపవచ్చు.

గ్రామస్తుల వంతూ ఉంది. పక్క కాలువలు పూడిపోకుండా చూడాలి. పొలం నీరు రోడ్డు మీదికి వదలరాదు. అంచు మట్టిని దున్నరాదు. పైపుల కోసం తవ్వినచోట తిరిగి గట్టిగా పూడ్పించాలి. నీరు నిలిచే రోడ్డును ఏ పూతా కాపాడలేదు.

తారు పని పొడి వాతావరణంలోనే నిలుస్తుంది. అందువల్ల జూన్ వానలకు ముందే ఏ రోడ్డుకు పూత చాలు, దేనికి అడుగు నుంచి పని కావాలి అన్నది అధికారులు తేల్చి, వేసవిలోనే పని ముగించడం అవసరం. గుంతల కోసం ఎదురుచూసే పద్ధతి మారనంత కాలం ప్రజాధనం ఏటా అదే గుంతలో పడుతూనే ఉంటుంది.